అసలు జాతి వాసన

మా వీధి అందమైన వీధి అని పాఠక మహాశయులకు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఈ సంగతి మీకు ఇంతవరకు తెలియకపోవడం మీ తప్పు కాదు. మాకూ పోయిన ఏడాదే తెలిసింది. అంతకుముందు ఇళ్ళ ముందు ఎవరికి తోచింది వాళ్ళు పెంచుకునేవారు. ఒకరింటి ముందు బంతి, ఇంకొకరింటి ముందు వంగ, మరొకరింటి ముందు ఉత్త మట్టి. ఇది క్రమశిక్షణ లేని వీధి లక్షణమని మా సంఘం అధ్యక్షులవారు కనిపెట్టారు. వారు తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గాని చేతిలో టేపు వదల్లేదు.

వారి ఆదేశంతో ఇంటింటి ముందూ బాక్స్‌వుడ్ పొదలు వెలిశాయి. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆకులు చిన్నవి, ఏడాది పొడుగునా అదే పచ్చదనం. పువ్వు పూస్తే కంటికి ఆనదు, కాయ కాస్తే నోటికి పనికిరాదు, పెరగడం కూడా ఏదో మొహమాటానికి పెరుగుతుంది. గుండ్రంగా కత్తిరిస్తే గుండ్రంగా, పలకగా కత్తిరిస్తే పలకగా నోరెత్తకుండా నిలబడుతుంది. అధ్యక్షులవారు ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ తన కింది ఉద్యోగులను ఇలా తయారు చెయ్యాలని చూసి విఫలమయ్యారట. ఇన్నాళ్ళకు వారి కోరిక తీరింది.

ఇక ఆదివారం వచ్చిందంటే వీధంతా కత్తెరల చప్పుడే. సంఘం కార్యదర్శి పళ్ళ డాక్టరుగారు తన గేటుకు రెండు వైపులా పొదలను పలువరుసలా కత్తిరించారు. రోజూ బకెట్టు నీళ్ళు కుమ్మరించేసరికి వేళ్ళు కుళ్ళి మధ్యలో ఒకటి చచ్చింది. ఆ సందు పూడేదాకా ఆయన నోరు తెరిచి నవ్వలేదు. బ్యాంకు దంపతులకు గుండ్రమా, పలకా అన్న దగ్గర పేచీ వచ్చి మాటలు ఆగిపోయాయి. వాళ్ళ ఇంటి ముందు ఇప్పటికీ ఎడమ పక్క భర్తగారి బంతులు, కుడి పక్క భార్యగారి డబ్బాలు ఉంటాయి. పిల్లలు మధ్య దారిలో ఎటూ తగలకుండా నడవడం నేర్చుకున్నారు.

అంతా సవ్యంగా ఉన్న సమయంలో ఒక వాన కురిసి, వెనకే ఎండ కాసింది. వీధిలో గుప్పుమని ఒక వాసన లేచింది. పిల్లి ఒంటేలు వాసన అని సామాన్యులు అంటారు. మేము సామాన్యులం కాము కనుక కిటికీలు మూసుకుని, అది పక్కింటి నుంచి వస్తోందని ఎవరికి వారు నమ్మాము. మొక్కల వైపు మాత్రం ఎవరి ముక్కూ పోలేదు. అంత ఖరీదైన మొక్క కంపు కొడుతుందని అనుకోవడం మర్యాద కాదు.

అత్యవసర సమావేశం జరిగింది. వాసన పిల్లిది, వీధిలో ఉన్నది ఒక్కటే పిల్లి. అది దర్జీ పెద్దమ్మది. మూల ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఆవిడ ఒక్కతే ఉంటుంది. పిల్లిని మేనేజరు అని పిలుస్తుంది. ఎందుకంటే అది పొద్దస్తమానం గుడ్డల కట్ట మీద పడుకుని, పనేమీ ముట్టుకోకుండా, ఆవిడ పనిచేస్తుంటే చూస్తూ ఉంటుంది. పెద్దమ్మ దానితో ధరలు మాట్లాడుతుంది, కొలతలు సరిచూస్తుంది, చెప్పిన తేదీకి రాని ఖాతాదారులను దాని దగ్గరే తిడుతుంది. ఇంకెవరి దగ్గర తిట్టాలి? ఆవిడకు ఇంకెవరూ లేరు.

"సోదరులారా, సోదరీమణులారా," అన్నారు అధ్యక్షులవారు గొంతు సవరించుకుని. "ఒక వ్యక్తి సుఖం ముఖ్యమా, వీధి గౌరవం ముఖ్యమా? వ్యక్తిగతంగా నాకు పిల్లులంటే ప్రాణం. కానీ పదవిలో ఉన్నవాడికి ప్రాణం ఉండకూడదు."

చప్పట్లు మోగాయి. పెద్దమ్మ చివరి కుర్చీలోంచి లేచింది.

"వాడు అలాంటివాడు కాదు బాబూ. పెరట్లో ఇసకలో గొయ్యి తీసుకుంటాడు, పని కాగానే పూడ్చేస్తాడు. కావాలంటే వచ్చి చూడండి."

"వ్యక్తిగత విషయాలు వద్దమ్మా," అన్నారు డాక్టరుగారు.

మర్నాడే మేనేజరును బుట్టలో పెట్టి డాక్టరుగారి కారులో ఊరవతల ధాన్యం గోదాము దగ్గర వదిలివచ్చారు. పెద్దమ్మ గేటు దాకా వచ్చి, దానికి చలి పడదని, పాత స్వెట్టరు ముక్క ఒకటి బుట్టలో పెట్టింది. ఆ తరవాత కొన్నాళ్ళు ఆవిడ కుట్టిన చొక్కాలకు చేతులు పొట్టిగా వచ్చాయి. కొలతలు సరిచూసేవాళ్ళు లేరు కదా. నా చొక్కా కూడా అలాగే వచ్చింది. కానీ సమావేశంలో నేనూ చప్పట్లు కొట్టినవాడినే కనుక, పొట్టి చేతుల చొక్కానే వేసుకు తిరిగాను.

పిల్లి వెళ్ళింది, వాసన వెళ్ళలేదు. అది పిల్లి మిగిల్చి వెళ్ళిన ప్రభావమని సంఘం మొదట ప్రకటించింది. మళ్ళీ వాన, మళ్ళీ ఎండ, మళ్ళీ వాసన. పెద్దమ్మ పిల్లిని రహస్యంగా దాచిందని తరవాత ప్రకటించింది. కార్యవర్గం ఆవిడ ఇల్లు సోదా చేసి, బొత్తాల డబ్బాలతో సహా మూతలు తీసి చూసింది. పిల్లి దొరకలేదు. అయినా ఆవిడ మీద నిఘా ఉంచాలని తీర్మానించాము. దొరక్కుండా దాచడం పెద్ద నేరం కదా.

ఇంతలో తోటల పోటీ వచ్చింది. న్యాయనిర్ణేతగా ఉద్యానవన నిపుణులొకరు విచ్చేశారు. వీధి మొదట్లోనే ఆగి, కళ్ళు మూసుకుని, గట్టిగా గాలి పీల్చారు. మేము ఎవరికి వారు పక్కింటి వైపు చూశాము.

"ఆహా," అన్నారు నిపుణులు. "ఇదీ అసలు జాతి బాక్స్‌వుడ్ వాసన. వానపడి ఎండ కాస్తే ఆకుల్లోంచి ఇలాగే వస్తుంది. రాజుల తోటల్లో పీల్చిన గాలి ఇది. ఈ వాసన లేని రకాలూ ఉన్నాయి లెండి. వాటి గురించి మాట్లాడటం నాకిష్టం లేదు. వచ్చే ఆదివారం బహుమతి ప్రకటిస్తాను."

ఆ సాయంత్రమే వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. డాక్టరుగారు రోగుల కుర్చీ కిటికీ పక్కకు జరిపించారు. బ్యాంకు దంపతులు మాట్లాడుకున్నారు, ఎవరి పక్క ఎక్కువ వాసన వస్తోందో తేల్చుకోవడానికి. వాసన సోకని ఇంటితో సంబంధం కలుపుకోవడం మంచిది కాదని పెద్దలు అనసాగారు.

వీధిలో వాసన లేని మొక్కలున్నది ఒక్క అధ్యక్షులవారి ఇంట్లోనే. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి గాని వారిది వేరే రకం. నిన్నటిదాకా వాసన లేకపోవడం వారి క్రమశిక్షణకు నిదర్శనం. ఇవాళ ఇంటి ముందు నిలబడటానికి మొహం చెల్లడం లేదు. వారు స్వయంగా గోదాముకు వెళ్ళి, ఎలుకలు తిని బలిసిన మేనేజరును స్వెట్టరు ముక్కతో సహా తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టారు. సంఘానికి క్షమాపణ చెప్పే అలవాటు లేదు కనుక దీన్ని పునఃపరిశీలన అన్నారు. పెద్దమ్మకు ఆ మాట వినపడలేదు. పిల్లిని మెడకు అదుముకుని ఏడుస్తోంది.

ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, అధ్యక్షులవారు గొంతు తగ్గించారు.

"పెద్దమ్మా, ఆదివారం దాకా మీవాణ్ణి మా ఇంట్లో ఉంచు. పొద్దున్నే ఒక్కసారి ఆ పొదల్లో తిరిగితే చాలు."

పెద్దమ్మకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"వాడికి చేతకాదు బాబూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నలుగురు నడిచే చోట అలాంటి పని చెయ్యడు. సిగ్గున్నవాడు."

అధ్యక్షులవారు ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్ళారు.

మర్నాటి నుంచి వారు తెల్లారగట్లే లేచి, నీళ్ళ డబ్బా లేకుండా పొదల దగ్గరికి రావడం, అటూ ఇటూ చూసి గోడవైపు తిరిగి కాసేపు నిలబడటం, పంచె సర్దుకుని లోపలికి వెళ్ళడం జరిగాయి. పెద్దమ్మ ఇంటి కిటికీలోంచి మేనేజరు ఇదంతా చూసి మొహం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు.

ఆదివారం నిపుణులు వారి ఇంటి ముందు మూడుసార్లు గాలి పీల్చారు. పసుపుబారిన ఆకులను బంగారు ఛాయ అన్నారు. "చాలా పాతకాలపు జాతి," అని మొదటి బహుమతి వారికే ఇచ్చి, రహస్యం ఏమిటని అడిగారు.

"అంతా స్వయంకృషి," అన్నారు అధ్యక్షులవారు.

మేము లేచి నిలబడి చప్పట్లు కొట్టాము. ఈసారి ఎవరూ పిల్లిని అనుమానించలేదు. పెద్దమ్మ ఒక చేత్తో తన ముక్కు, ఇంకో చేత్తో మేనేజరు ముక్కు మూసి కూర్చుంది. అందువల్ల ఆవిడ చప్పట్లు కొట్టలేకపోయిందని సంఘం నమోదు చేసుకుంది.

ఇకపోతే, మా ఇంటి పొదలకు ఏం పాపమో వాసన పలచగా వస్తోంది. వచ్చే పోటీకి ఇంకా వ్యవధి ఉంది. ఈ మధ్య నేను మంచినీళ్ళు కాస్త ఎక్కువగా తాగుతున్నాను.