రోడ్డు మీద ఆగకూడని కారు

కోట ఊరి చుట్టుపక్కల రొయ్యలు సాగుచేసే వాళ్లంతా హరినాథ్‌ని పదిరోజుల హరినాథ్ అంటారు. ముఖాన అనరు గానీ, ఆ సంగతి అతనికి తెలుసు. గుంటల్లో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి ఎప్పుడని ఎవరడిగినా అతని దగ్గర ఒకటే జవాబు: ఇంకో పది రోజులు. పది రోజులు ఆగితే రొయ్య ఇంకాస్త బరువెక్కుతుంది, బరువెక్కితే ఇంకాస్త ధర పలుకుతుంది. పోయిన పంటకూ అలాగే ఆగాడు. ఏడో రోజున జబ్బు తగిలి ఒక గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆ పొద్దున అతని భార్య ఉషారాణి గట్టు మీద నిలబడి చూసింది తప్ప ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని హరినాథ్ ఇప్పటికీ అనుకుంటాడు.

అలాంటి మనిషికి, గుంటల్లో కొత్త పంట సగంలో ఉండగా, కారు పిచ్చి పట్టింది. మామూలు కారైతే ఎవరికీ బాధ లేదు. ఇది చిన్న ఎర్ర కారు, టర్బో ఇంజను, కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. కంపెనీ వాళ్లే నాలుగేళ్లకు దాన్ని చేయడం మానేశారు. ఎందుకు మానేశారో ఫోనులో వందమంది వీడియోలు పెట్టారు. హరినాథ్ వందా చూసి, ఆ వందమందికీ కారు తోలడం రాదని తేల్చేశాడు.

అయినా మనసు పీకి, సోమవారం మెకానిక్ సుభాని దగ్గరికి వెళ్లాడు. సుభాని చేతులు తుడుచుకుంటూ విడమరిచి చెప్పాడు. ఆ ఇంజను లోపల ఒక గొలుసు ఉంటుంది, అది సాగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే పది సెకన్లు టకటకమని మొత్తుకుంటుంది, వేడెక్కాక నోరు మూసుకుంటుంది. ఏదో ఒక రోజు గొలుసు జారిందంటే ఇంజను పాత ఇనుము కింద అమ్ముకోవడమే.

“చూడబోయినప్పుడు ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టన్నా. వేడిగా ఉంటే, నువ్వొస్తన్నావని ముందే స్టార్టు చేసి పెట్టినట్టు. మాట్లాడకుండా వచ్చెయ్,” అన్నాడు.

ఇంట్లో గొడవ శనివారమే మొదలైంది. ఉషారాణికి కావాల్సింది మేత బస్తాలు పట్టే, గట్టు ఎక్కే బండి. ఎర్ర కారులో రెండు బస్తాలు పెడితే మొగుడు దిగి నడవాలని ఆమె వాదన. ఎవరూ తగ్గలేదు. మంగళవారం సాయంత్రం మాత్రం ఉన్నట్టుండి ఆమె మెత్తబడింది.

“కొనుక్కో. గుంటలు పట్టేలోపల అది రోడ్డు మీద ఒక్కసారి ఆగినా, ఈ పంట పట్టుబడి ఎప్పుడో నేను చెప్తా, నువ్వు నోరెత్తగూడదు. ఆగకపోతే నీ పది రోజులకి నేను అడ్డం రాను.”

హరినాథ్ ఒకసారి ఆలోచించాడు. పట్టుబడి రోజు చెప్పడమంటే రొయ్యల రైతుకి మీసం లాంటిది. కానీ కారు ఎర్రగా ఉంది. సరేనని దేవుడి పటం ముందు మాటిచ్చాడు.

అమ్మే మనిషి ముత్తుకూరులో ఉంటాడు. పేరు బెన్హర్, పోర్టులో ఉద్యోగం, బదిలీ మీద వెళ్లిపోతున్నాడు. హరినాథ్ వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. ఎండలు మండిపోతుంటే బానెట్టు కాలక ఏం చేస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. కారు షెడ్డులో ఉంది. ఆ సంగతి డబ్బులిచ్చి, దారిలో సగం దూరం వచ్చాక తట్టింది.

మర్నాడు పొద్దున వాకిట్లో తాళం తిప్పాడు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు టకటకటక. హరినాథ్ ప్రాణం అక్కడే సగం పోయింది. కానీ సరిగ్గా అదే సమయానికి వంటింట్లో ఉషారాణి మిక్సీ వేసింది. మిక్సీ ఆగేలోగా ఇంజనూ నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి హరినాథ్‌కి చట్నీ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ అడిగేవాడు. సాయంత్రానికి కారు మళ్లీ చల్లారుతుంది గనక కొబ్బరి చట్నీ అడిగేవాడు. కారులో కూర్చుని, అద్దం దించి, చెవి వంటింటి వైపు పెట్టేవాడు. అక్కడ మిక్సీ గుర్రుమంటే ఇక్కడ తాళం తిరిగేది. పెరుగన్నంలోకి చట్నీ ఎందుకని ఆమె ఒకరోజు అడిగింది. ఒంటికి చలవ అన్నాడు. ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, కొబ్బరిచిప్ప పగలగొట్టింది.

ఇంకోరోజు ఉప్పు చూడ్డానికని ఆమె మిక్సీ నడిమధ్యలో ఆపింది. బయట గొలుసు ఇంకా మొత్తుకుంటూనే ఉంది. హరినాథ్ స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండు సెకన్లకు మిక్సీ మళ్లీ మొదలైంది. ఆ రెండు సెకన్లలో అతని చొక్కా తడిసిపోయింది.

ఇలా నలభై రోజులు గడిచాయి. నలభై ఒకటో రోజున, పక్క గట్టు అవతల చిన్నబాబు గుంటలో రొయ్యలు చచ్చి తేలాయి.

ఉషారాణి వెంటనే పట్టేద్దామంది. హరినాథ్ ఇంకో పది రోజులన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, పోయిన పంటలో తెల్లటి పొట్టలతో తేలిన రొయ్యలు కళ్ల ముందు కదులుతున్నాయి. ఇన్నాళ్లూ పట్టిన పట్టు ఇప్పుడు వదిలితే తన మాటకు విలువేం ఉంటుందని బిగుసుకున్నాడు. చివరికి రెండు గుంటల రొయ్యలూ గూడూరు ల్యాబులో చూపించాలని తేలింది.

“నేనూ వస్తా,” అంది ఉషారాణి. చేతిలో రొయ్యల డబ్బా, భుజానికి సంచి, అప్పటికే కారు ముందు నిలబడి ఉంది.

పొద్దుట్నుంచీ కరెంటు లేదు. ఇంజను చల్లగా ఉంది. హరినాథ్ ఆమెను మంచినీళ్లకు పంపబోయాడు, సీసా సంచిలో ఉంది. గొడుగుకు పంపబోయాడు, గొడుగు చంకలో ఉంది. పొయ్యి ఆపావా అని అడిగాడు, పొయ్యే వెలిగించలేదంది. ఇక దారి లేక ఒక చేత్తో తాళం తిప్పి, రెండో చేత్తో హారను నొక్కి, పది సెకన్లు వదల్లేదు. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు.

హారను ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు ఎక్కి కూర్చుంది ఉషారాణి. ఏమిటని అడిగితే కుక్క అడ్డమొచ్చిందన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కుక్క కారు వెనక పడుకుని ఉంది.

విద్యానగర్ దాటాక అద్దం కింద పసుపు దీపం వెలిగింది. అది ఇంజను దీపం. ఇక ఈ ఇంజను ఒకసారి ఆపితే మళ్లీ లేవదని హరినాథ్‌కి గట్టి నమ్మకం కుదిరింది. గూడూరు చేరాక, ఉషారాణి డబ్బాతో లోపలికి వెళ్లింది. రిపోర్టుకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ హరినాథ్ ఇంజను ఆపకుండా, దిగకుండా, ఏసీ వేసుకుని కూర్చున్నాడు. కాపలా మనిషి వచ్చి ఆపమంటే, నాకు గాలాడదయ్యా, ఆయాసం అని ఎద పట్టుకున్నాడు. పెట్రోలు ముల్లు కిందికి పోతూనే ఉంది.

ఆమె కాగితంతో వచ్చింది. ఏ జబ్బూ లేదు. హరినాథ్ ముఖం వెలిగిపోయింది, చూశావా, ఇంకో పది రోజులకు ఢోకా లేదన్నాడు. ఆమె చిన్నబాబు గుంటకు వారం కింద ఇదే కాగితం వచ్చిందని మాత్రం చెప్పి, పదమంది.

దారిలో పెట్రోలు దీపం కూడా వెలిగింది. మొదటి బంకు కనపడగానే ఉషారాణి, పెట్రోలు కొట్టించవా అని అడిగింది. బంకులో ఇంజను ఆపాలి. ఆపితే లేవదు. ఈ బంకులో కల్తీ అన్నాడు హరినాథ్. రెండో బంకు దగ్గర ఆమె అడగలేదు, బంకు వైపూ అతని వైపూ చూసి ఊరుకుంది. అతను ఏసీ ఆపాడు. నలభైకి మించకుండా, కాలు ఆనించీ ఆనించకుండా తోలాడు. నుదుటి చెమట కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు.

కారు రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

హరినాథ్ తాళం రెండుసార్లు తిప్పి చూశాడు.

“ఆగింది,” అంది ఉషారాణి.

“ఇంజను బాగానే ఉండాది మే. పెట్రోలు అయిపోయింది, అంతే. ఇది లెక్కలోకి రాదు.”

“ఎందువల్ల ఆగితే లెక్కో మనం అనుకోలేదే. రోడ్డు మీద ఆగితే అనుకున్నాం. ఇది రోడ్డే కదయ్యా.”

హరినాథ్ కిటికీలోంచి కిందికి చూశాడు. రోడ్డే.

“నువ్వు సోమవారం పోయినావు సుభాని దగ్గరికి. నేను ఆదివారమే పోయినా,” అందామె. “గొలుసు సంగతి విన్నాకనే నీకు సరే అన్నా. ఇయ్యాల ఆగతాది, రేపు ఆగతాది అని నలభై రోజులు చట్నీలు వేసినా. అది ఆగలా. నువ్వే ఆపినావు.”

 ఆమె గొంతు తగ్గించింది.

“పోయినసారి నేనేమీ అనలా. ఈసారి అట్టా గట్టు మీద నిలబడి చూడలేనయ్యా, నా వల్ల గాదు.”

అక్కడే కూర్చుని రొయ్యలు కొనే ఏజెంటుకు ఫోను చేసింది. ఎల్లుండి పట్టుబడి, రెండు గుంటలూ. హరినాథ్ వింటూ కూర్చున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, నలభై రోజుల నుంచి బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు హాయిగా కూడా అనిపించింది. ఆ రెండో సంగతి పైకి చెప్పలేదు.

మూడో బంకు కనుచూపు మేరలోనే ఉంది. ఉషారాణి అతన్ని దిగి తొయ్యమని స్టీరింగు ముందుకు జరిగింది. పదిరోజుల హరినాథ్ ఎర్ర కారును ఎండలో బంకు దాకా తోశాడు. పెట్రోలు కొట్టించాక ఆమె తాళం తిప్పింది. ఇంజను టక్కుమనకుండా మొదటిసారికే అందుకుంది. ఎంత మెత్తగా ఉందన్నా ఇంజను అని బంకు మనిషి మెచ్చుకున్నాడు. దాటొచ్చిన రెండు బంకులూ గుర్తొచ్చి హరినాథ్ కారును పట్టుకుని నిలబడిపోయాడు.

“ఎక్కు. రొయ్యలకి ఐసు చెప్పాల,” అంది ఉషారాణి గేరు వేస్తూ.

అతను ఎడమవైపు ఎక్కి కూర్చుని ఐసు ఫ్యాక్టరీ వినోద్‌కి ఫోను చేశాడు. ఎల్లుండి పొద్దున బండి పంపమన్నాడు. 

“ఎల్లుండేనా?” అన్నాడు వినోద్. “అక్క చెప్పిందా అన్నా?”

హరినాథ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఊఁ,” అన్నాడు.