క్షేమపట్టీ, మూడో షరతు

"గాలీ గాలీ అడగకే, గడ్డీ గడ్డీ చెప్పకే,
పాపల పానుపు ఎక్కడో..."

ఆ తరవాత ఏముందో దూదమ్మకి గుర్తు రాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. మూడో ముక్క దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ నిద్ర పట్టేసేది మరి, ఇంక వినేదెక్కడ?

ఒక పెద్ద అడవిలో, చెట్లు పలచబడిన చోట గడ్డి బీడు ఉంది. ఆ బీడులో ఉండే కుందేలు ముసలమ్మే ఈ దూదమ్మ. కుందేళ్ళకి గుహలుండవు, గూళ్ళుండవు, కొమ్ములా లేవు. వాళ్ళకున్న కాపలా అంతా ఒక్క ఆచారమే. కన్నతల్లి తన పిల్లల్ని తలో పొదలో విడివిడిగా పడుకోబెడుతుంది. పొద్దుగూకే వేళ ఒక్కసారి వెళ్ళి పాలిచ్చి వస్తుంది. ఏ పొదో ఎవరికీ చెప్పదు. మొగుడికీ చెప్పదు, పుట్టింటికీ చెప్పదు.

దూదమ్మ కూతురు పైడి నాలుగు రోజుల కిందటే ముగ్గురు పిల్లల్ని కంది. ఇవాళ పొద్దున మెడలో మెరిసే పట్టీతో గెంతుకుంటూ వచ్చింది.

"చూడమ్మా, క్షేమపట్టీ. అడవి పరిషత్తువాళ్ళు ఊరికే ఇచ్చారు."

పట్టీలో ఒక కీచురాయి కూర్చుని ఉంది. పైడి గెంతినప్పుడల్లా కీచుమంటోంది.

"పాపం, ఏమిటే దానికి బాధ?"

"బాధ కాదమ్మా, అది దాని ఉద్యోగం. నేను ఎన్ని గెంతులు గెంతానో, ఎటు వెళ్ళానో, గుండె ఎలా కొట్టుకుంటోందో కూసి చెబుతుంది. చెట్టుకో చిలకని పెట్టారు. ఆ చిలక విన్నది విన్నట్టు పరిషత్తులో అప్పజెబుతుంది. మనకేమైనా అయితే వెంటనే తెలిసిపోతుంది."

"ఎవరికే?"

పైడి పట్టీ సర్దుకుంది. "కార్యదర్శి నక్కగారికి."

దూదమ్మ నములుతున్న గడ్డిపరక నోట్లోనే ఆగిపోయింది. "మరి సాయంత్రం పాలివ్వడానికి దీంతోనే వెళ్తావా?"

పైడి చెవులు రెండూ మెల్లగా వాలిపోయాయి.

ఇద్దరూ కలిసి పట్టీని కొరికారు. సాలీడు నేసిన నేత. సాగింది గాని తెగలేదు. పరిషత్తులో ఆ సాలీడే విప్పితే తప్ప రాదట. వెళ్తే పొద తెలిసిపోతుంది. వెళ్ళకపోతే పిల్లలు పస్తు. నెత్తుటి గుడ్లు, ఒక పూట తప్పితే తెల్లారేదాకా ఆగలేరు.

"దీనికి రాతకోతలేమీ లేవా?"

"ఆకు ఒకటి ఇచ్చారు. కాలి ముద్ర వేసి పట్టీ తీసుకున్నాం. వెనకనుంచి కోతులు తోసేస్తుంటే చదివే తీరికెక్కడిదమ్మా?"

"ఏదీ, ఇలా తే."

దూదమ్మ ముసలితనంలో తాబేలు పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకుంది. పంతులు నిదానం, శిష్యురాలు ఇంకా నిదానం. అక్షరం మీద గోరు పెట్టి, దాని వంపు చూసి కాసేపు ఆశ్చర్యపోయి, అప్పుడు పక్క అక్షరానికి వెళ్ళేది. గబగబా చదివేవాళ్ళు ఏదో ఒకటి వదిలేస్తారు. దూదమ్మకి వదిలేయడం చేతకాదు.

మధ్యాహ్నానికి ఆకు పూర్తయింది. "పద," అంది.

బండ మీద పరిషత్తు కొలువు తీరి ఉంది. అధ్యక్షుడు సింహంగారి మెడలో అందరికంటే వెడల్పయిన పట్టీ. వారం కిందట ఆయనతోనే ప్రారంభం చేయించారు. నక్కా అప్పుడే కట్టుకున్నాడు, నమ్మకం కలగాలని.

"బాబూ, మా అమ్మాయి పట్టీ విప్పించండి," అంది దూదమ్మ.

నక్క నవ్వాడు. "నెల తిరిగేదాకా విప్పకూడదు అవ్వా, అది నియమం. అయినా నిజాయితీపరులకి దాచుకోవడానికి ఏముంటుంది?"

"ఏముంటుంది?" అంది కోతి, పక్కనుంచి. దానికి పట్టీలు రెండున్నాయి. రెండోది దేనికో దానికే తెలియదు.

"నిజమే నాయనా. నాకు తెలియక అడుగుతున్నాను, ఏమీ అనుకోకు." దూదమ్మ ఆకు మీద గోరు పెట్టింది. "మూడో షరతు. 'ఏ జీవి సంగతినైనా, ఏ జీవి అడిగినా, చిలక దాచకుండా చెప్పవలెను. దాచినచో ఈకలు పీకబడును.' ఇది అందరికీనా?"

నక్క ఒక్క క్షణం తడుముకున్నాడు. వినడానికి ధర్మంగా ఉంటుందని ఆ మాట రాశాడు గాని, ఎవరైనా చదువుతారని అనుకోలేదు. "అందరికీ... అందరికీ అవ్వా."

"అయితే చిలకమ్మా, కార్యదర్శిగారి క్షేమం చెప్పు తల్లీ. పాపం ఎప్పుడూ అందరి బాగూ ఆయనే చూస్తారు. ఆయన్ని ఎలా ఉన్నావని అడిగే దిక్కులేదు."

చిలక ఈకలు సర్దుకుని అందుకుంది. "కార్యదర్శి నక్క. సోమవారం, ఏలినవారి గుహ వెనక. దుప్పి తొడ ఒకటి. నమిలినవి నూట పన్నెండు. గుండెకి పరమానందం. మంగళవారం, గడ్డి బీడు చుట్టూ ఆరు ప్రదక్షిణాలు. నోట నీరు అధికం."

సింహం తల తిప్పింది. "ఆ తొడ చీమలు మోసుకుపోయాయన్నావు కదయ్యా."

"ఏలినవారూ, చిలక పొరబడింది," అన్నాడు నక్క చెమటలు కక్కుతూ. "కావాలంటే తమరి సంగతి అడగండి. అదీ తప్పే చెబుతుంది."

అడిగినట్టే లెక్క అనుకుంది చిలక. "ఏలినవారు. బుధవారం వేట, లేదు. వేటాడింది రాణిగారు. ఏలినవారి నిద్ర, పంతొమ్మిది గంటలు. గురువారం, దారిలో ఏనుగు దగ్గింది. ఏలినవారి గుండె మూడింతలు. తుప్పల్లోకి గెంతులు, పదకొండు."

అందరూ ఏనుగు వైపు తిరిగారు.

"జలుబు చేసిందండి," అంది ఏనుగు నొచ్చుకుంటూ. "తమరు అక్కడున్నారని తెలియదు."

ఆపైన ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. కోతి పెళ్ళాం కోతి సంగతి అడిగింది. రెండో పట్టీ ఆవిడే తన మెడలో ఎందుకు కట్టించిందో దానికి అప్పుడు తెలిసింది. నలభై రోజుల ఉపవాస దీక్షలో ఉన్న ఎలుగుబంటి మూతికి రోజూ ఎన్ని తేనెతుట్టెలు తగిలాయో దీక్ష చేయించిన కొంగ అడిగింది. కొంగ సంగతి చేపలు అడిగాయి.

అప్పుడు సింహం గర్జించింది. "గుట్టు అనేది ప్రాణికి పుట్టుకతో వచ్చిన హక్కు. నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. పట్టీలన్నీ విప్పెయ్యండి."

ముందు ఏలినవారిది, తరవాత పదవుల వరసలో. మూడో షరతు రాసిన దుర్మార్గుణ్ణి పట్టుకోవడానికి అక్కడికక్కడే విచారణ సంఘం వేశారు. అనుభవం ఉన్నవాడని నక్కనే దానికి పెద్దని చేశారు.

సాలీడు నిదానంగా విప్పుతోంది. కుందేళ్ళ వంతు అన్నిటికంటే చివర. ఎండ బండ దిగి గడ్డి మీదికి జారింది. పైడి కాళ్ళు నిలవడం లేదు.

దూదమ్మ మెల్లగా సింహం దగ్గరికి జరిగింది. "ఏలినవారూ, పట్టీ ఒక్కటున్నా షరతు ఉన్నట్టే కదండీ? మా వంతు వచ్చేదాకా ఊసుపోక, శుక్రవారం సంగతి కూడా అడగనా?"

"ముందు దాని పట్టీ విప్పండి," అంది సింహం.

పైడి ఒక్క గెంతులో గడ్డిలో మునిగి మాయమైంది. కీచుమన్న చప్పుడు లేదు. చిలకలు మెడలు సాచి చూశాయి, వాటికీ ఏమీ వినబడలేదు. వెలుగు పూర్తిగా ఆరిపోతుండగా తిరిగొచ్చింది, పాలవాసనతో.

"తాగారా ముగ్గురూ?"

"తాగారమ్మా."

దూదమ్మకి ప్రాణం కుదుటపడింది. కుదుటపడగానే ఆశ కూడా పుట్టింది. "ఏ పొదల్లో పెట్టావే? దగ్గరికి రానులే. దూరంనుంచి ఒక్కసారి చూసొస్తాను."

పైడి తల్లి వంక చూసింది. చెవులు రెండూ నిటారుగా నిలబెట్టింది.

"నిజాయితీపరులకి దాచుకోవడానికి పిల్లలుంటారమ్మా."