నడిసముద్రంలో భూగోళం మాస్టారు

ఆ రోజు బడికి సెలవు. భూగోళం మాస్టారు పొద్దున్నే భోజనాల బల్ల మీద రేడియో పెట్టె, తీగల చుట్ట, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు పరుచుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకు అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పి చెప్పి ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. ఈమధ్యే పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నారు. అప్పట్నుంచి ఆ పెట్టెలో ముక్కూమొహం తెలియని వాళ్ళతో గంటలకొద్దీ కబుర్లు. ఇంట్లో మనిషి పిలిస్తే మాత్రం చెవిలో హెడ్‌ఫోను.

"నిన్న కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. బల్లంతా మీ తీగలే!" అంది భార్య, బ్యాగు భుజాన వేసుకుంటూ. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు.

"ఇవాళ్టితో అయిపోతుందే. ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించామనుకో, మన స్టేషన్ ఎక్కడుందో మ్యాపు మీద అందరికీ కనిపిస్తుంది."

"మన ఇల్లెక్కడుందో మనకు తెలీదా? కూరగాయలకని వెళ్ళి ఆ కళ్ళజోళ్ళ షాపులో క్యారమ్స్ ఆడుతూ కూర్చుంటారే, దీనివల్లైనా ఇంటిపట్టున ఉంటున్నారని నిన్నటిదాకా ఊరుకున్నా. సాయంత్రం నేనొచ్చేసరికి దీనివల్ల ఇంటికి ఒక్క ఉపయోగం చూపించండి. లేకపోతే రేడియోతో సహా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా. మాటంటే మాటే!"

"నీకేం తెలుసే దీని విలువ?"

"నాకక్కర్లేదు. అవన్నీ మెళ్ళో కట్టుకుని ఏ నూతిలోనైనా దూకండి!"

తలుపు దభాలున పడింది. మాస్టారు రేడియోను దగ్గరికి జరుపుకున్నారు. రేడియో పోతే ఇక ఆయనకు ఇంట్లో ఏముంది, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు తప్ప!

పని మొదలైంది. చిన్న కంప్యూటరు పాత చార్జరు చాలదని తెర మీద మెరుపు గుర్తు చూపించి మొరాయించింది. పిట్ట కొంచెం కూత ఘనం! మాస్టారు తన ఫోను చార్జరు పీకి దానికి పెట్టారు. తర్వాత ఇల్లు ఎక్కడుందో చెప్పమంది. ఫోనులో చూస్తే డిగ్రీలూ, చుక్కా, చుక్క తర్వాత అంకెలూ ఉన్నాయి. సాఫ్ట్‌వేరేమో డిగ్రీలూ, నిమిషాలూ అడిగింది. డిగ్రీకి అరవై నిమిషాలని చెప్పలేని పిల్లలతో గోడకుర్చీ వేయించే మనిషి, చుక్క తర్వాతి అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు నిమిషాల గడిలో కొట్టేశారు. దాంతో మాస్టారి ఇల్లు నలభై కిలోమీటర్లు జరిగి సముద్రంలో పడింది.

తర్వాత గుర్తు ఎంచుకోమంది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది కనుక, ఇల్లనుకుని తెరచాప పడవను నొక్కారు. నలుగురికీ కనిపించేలా రెండు ముక్కలు రాయమంటే, "ఇక ఇదే నా శాశ్వత స్థానం. అందరికీ నమస్కారం" అని రాశారు. ఎవరైనా సందేశం పంపితే దానంతటదే బదులిచ్చే సదుపాయం కూడా ఉంది. అందులో "అందింది. అంతా బాగుంది" అని పెట్టి, యాంటెన్నా తీగ బిగించడానికి మేడెక్కారు. తల పైకెత్తితే జారిపోతోందని కళ్ళజోడు బల్ల మీదే వదిలేశారు. పక్కనే ఫోను చార్జింగు లేక ఎప్పుడో కన్ను మూసింది. ఆయన అలా పైకి వెళ్ళారో లేదో, గాలికి మేడ తలుపు పడి, లోపలి గడియ జారి బిగుసుకుంది.

కళ్ళజోళ్ళ షాపాయన హామ్ క్లబ్బుకు అధ్యక్షుడు. బేరాల్లేక మ్యాపు చూస్తూ కూర్చున్న ఆయనకు నీళ్ళలో మాస్టారు కనిపించారు. కంగారుగా సందేశం పంపాడు: "మాస్టారూ, పడవలో ఏం చేస్తున్నారు?"

"అందింది. అంతా బాగుంది."

"మునుగుతున్నారా ఏంటి?"

"అందింది. అంతా బాగుంది."

"ఇంట్లో ఏమైనా గొడవా?"

"అందింది. అంతా బాగుంది."

అంతా బాగున్న మొగుడు లోకంలో ఉండడని అధ్యక్షుడికి అనుభవమే. ఫోను చేస్తే స్విచాఫ్. వెంటనే మాస్టారి భార్యకు చేశాడు.

"ఆయనా? పడవా? బకెట్లో నీళ్ళు చూస్తేనే జలుబు చేస్తుందండీ ఆయనకి!"

"మ్యాపు అబద్ధం చెప్పదమ్మా. 'ఇక ఇదే నా శాశ్వత స్థానం, అందరికీ నమస్కారం' అని కూడా రాశారు."

పొద్దున తానన్న మాట ఆవిడ చెవిలో గింగురుమంది. నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటును అలాగే వదిలేసి, చేతి తొడుగులతోనే ఆటో ఎక్కింది. దారిలో మెకానిక్ తమ్ముడికి ఫోను చేసింది. బావమరిది బతక కోరతాడని ఊరికే అన్నారా? గాలి నింపిన లారీ ట్యూబు భుజాన వేసుకుని, అక్క కంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అధ్యక్షుడూ చేరాడు.

ఇల్లంతా వెతికారు. బల్ల మీద కళ్ళజోడు, చచ్చిన ఫోను.

"కళ్ళజోడు లేకుండా గుమ్మం దాటని మనిషిరా!" అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

"మేడ మీద చూశావా అక్కా?"

"లోపల్నుంచి గడియ పెట్టి ఉందిరా. గడియ పెట్టుకుని పైకెలా వెళ్తారు?"

ముగ్గురూ మళ్ళీ వాకిట్లోకి వచ్చి ఫోనులో మ్యాపు మీదికి వంగారు. సరిగ్గా వాళ్ళ నెత్తిన, పిట్టగోడ మీంచి మాస్టారు చేతులు ఊపుతున్నారు. క్లాసులో ఏళ్ళ తరబడి అరిచిన ఆ గొంతు పొద్దుట్నుంచీ ఎండలో అరిచి అరిచి పూర్తిగా పోయింది. ఎవరూ తలెత్తరు. విసిగిపోయి చెప్పు తీసి విసిరారు. అది వచ్చి లారీ ట్యూబులో పడింది.

"అయ్యో, ఇది ఆయన చెప్పే!" అని ఆవిడ ఘొల్లుమంది.

"అప్పుడే ఒడ్డుకి కొట్టుకొచ్చేసిందా?" అన్నాడు బావమరిది నీరసంగా.

రెండో చెప్పు అధ్యక్షుడి నెత్తిన పడింది. అప్పుడు తలెత్తాడాయన.

మాస్టారిని కిందికి దించగానే ఆవిడ ఆయన చొక్కా గుంజి పట్టుకుంది. "ఏదో కోపంలో నూతిలో దూకమంటే, సముద్రంలో దూకుతారా! నా ప్రాణం పోయిందండీ!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారి కళ్ళూ చెమర్చాయి. ఇంతలో అధ్యక్షుడు ఆ నిమిషాల గడి చూసి, "అరవైకి బదులు నూరుతో లెక్కేశారు మాస్టారూ" అన్నాడు. మాస్టారు భార్య వైపు తిరిగారు.

"నీ మాటే నిజం," అన్నారు పోయిన గొంతుతో, తీగలు చుట్టబెడుతూ. "దీనివల్ల ఇంటికి ఒక్క ఉపయోగం లేదు. పాత సామాన్లవాణ్ణి పిలు."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఆగండి. మనిషి ఎక్కడుంటే అక్కడ మ్యాపులో కనిపిస్తారా?"

"సరిగ్గా పెడితే కనిపిస్తారు."

"జేబులో పెట్టుకు తిరిగేది ఉంటుందా?"

"ఓ, భేషుగ్గా!" అన్నాడు అధ్యక్షుడు, మాస్టారు కన్నుగీటుతున్నా చూసుకోకుండా. "నా దగ్గరే ఒకటుందమ్మా, రేపే ఇస్తా."

"అయితే రేడియో ఎక్కడికీ పోదు," అంది ఆవిడ, చేతి తొడుగులు విప్పుతూ.

అప్పట్నుంచి మాస్టారు కూరగాయలకు వెళ్తే, కూరగాయలకే వెళ్తున్నారు.