మంత్రిగారి చాయ్ మరక

మా సోఫా మీది మరక ప్రజల ఆస్తి అనీ, దాని మీద దిండు పెట్టే అధికారం నాకు లేదనీ మా ఆయన నర్సింగ్ ఆదివారం పొద్దున్నే ప్రకటించారు. నేను దిండు పెట్టాను. ఆయన తీశారు. మళ్లీ పెట్టాను. ఈసారి దిండును తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ మరకకు చరిత్ర ఉంది. మూడేళ్ల కిందట అప్పటి మంత్రిగారు మనూర్ సభకు పోతూ మా ఇంట్లో ఏడు నిమిషాలు ఆగారు. సోఫాలో అన్నం తింటున్న మా అత్తమ్మ రామవ్వను కంచంతో సహా లేపి లోపలికి పంపించాం. మంత్రిగారు కూర్చున్నారు, చాయ్ తాగారు, వెళ్లారు. వెనక అరచేయంత మరక మిగిలింది.

అప్పటినుంచి ఆ చోట ఎవరూ కూర్చోలేదు. కల్హేర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి కార్యకర్తలు వచ్చి, చెప్పులు బయట విడిచి మరీ చూసి పోయేవారు. నేను సర్ఫ్ నీళ్లతో రెండుసార్లు దగ్గరదాకా వెళ్లి దొరికిపోయాను.

ఆదివారం సాయంత్రం మా ఆయన ప్రజల కోసం పార్టీ మారారు. మార్కెట్ కమిటీ డైరెక్టర్ పోస్టు ఎవరికివ్వాలో తేల్చే కొత్త పార్టీ ఇన్‌ఛార్జి, శుక్రవారం మా ఇంటికే చాయ్‌కి వస్తున్నారు.

“గా మరక ఆయన కండ్ల పడ్డదనుకో, నా పోస్టు పాయె” అన్నారు మా ఆయన.

బుధవారం సంగారెడ్డి నుంచి సుభాష్ అనే డీప్ క్లీనింగ్ అతను మిషన్‌తో వచ్చాడు. ముందు కార్పెట్ పట్టాడు. పల్లీ పొట్టు, పిన్నీసులు, పాత పార్టీ బ్యాడ్జీలు నాలుగు బయటపడ్డాయి. తర్వాత సోఫాకు మందు కొట్టి, బ్రష్‌తో రుద్ది, మిషన్‌తో పీల్చాడు. బకెట్ నిండా నల్లటి నీళ్లు వచ్చాయి. అదంతా పాత పార్టీ మురికేనని మా ఆయన తేల్చారు.

మరక దగ్గర సుభాష్ గంటసేపు కూర్చున్నాడు.

“చాయ్ మరక గింత మొండిగ ఉండదన్నా.”

“మంత్రి చాయ్ మామూలుగ ఉంటదా?”

చివరికి పోయింది. గురువారం సోఫా ఆరాక మూడేళ్లలో మొదటిసారి నేను ఆ చోట కూర్చున్నాను. పప్పు పొంగేదాకా లేవలేదు.

రాత్రి భోజనాల వేళకు ఫోన్ వచ్చింది. ఆ మాజీ మంత్రిగారు కూడా ప్రజల కోసం కొత్త పార్టీలోకి వచ్చేశారట. రేపు ఇన్‌ఛార్జితో పాటు ఆయనా వస్తున్నారు.

మా ఆయన రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్దకు నిర్ణయం వెలువడింది.

“పొద్దుగాల గదే జాగల చాయ్ పోస్తున్నం. తన మరక ఇన్నేండ్లు దాచిపెట్టిండని పెద్దమనిషి ఖుష్ అయితడు. ఇన్‌ఛార్జికి ఒక్క మాట చెప్తే పోస్టు నాదే.”

మా అత్తమ్మ తల ఎత్తకుండా పచ్చిపులుసుతో అన్నం కలుపుకుంటూ ఉంది.

“చాయ్ పోస్తే గా రంగు రాదు బిడ్డా” అంది. “పచ్చిపులుసు పొయ్యాలె. గప్పుడు నా కంచంలకెల్లి ఒలికింది గదే.”

మా ఆయన చేతిలో ముద్ద ఆగింది. తర్వాత నా వైపు తిరిగారు.

“గీ పులుసు జెర పొద్దుగాలకు తీసిపెట్టు.”