ఏనుగు మెగ్నీషియం మీద తీర్మానం

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద ఆసుపత్రి ఉండేది. గుండెకి ఒక భవనం, కిడ్నీకి ఒక భవనం. రెండిటి మధ్య దారి మాత్రం వేయలేదు. ఆ దారి ఏ విభాగం కిందికి వస్తుందో ఎంతకీ తేలలేదు మరి.

అక్కడ భద్రయ్య అనే ఏనుగుకి గుండె ఆపరేషన్ జరిగింది. చేసింది వడ్రంగిపిట్ట. ఏనుగు గుండెకి ఆపరేషన్ ఆ అడవిలో అదే మొదటిసారి. అందుకని సూపరింటెండెంట్ నక్క సింహంగారిని మర్నాడు పొద్దుటికే పిలిచేసింది. కోలుకున్న ఏనుగు పక్కన రాజుగారు పూలగుత్తితో నిలబడతారు, ఫొటో పడుతుంది, ఇంకో భవనం మంజూరవుతుంది. అదీ దాని ఆలోచన.

చిక్కల్లా ఒక్కటే. భద్రయ్యకి మూత్రం రావడం లేదు.

"చుక్క కూడా రాలేదండీ," అంది భార్య మంగతాయి. "మామూలుగా ఈయన పోస్తే పల్లంలో కుందేళ్లు ఇళ్లు ఖాళీ చేస్తాయి. నాకు భయంగా ఉంది."

"గుండె కొట్టుకుంటోందా?" అంది వడ్రంగిపిట్ట.

"కొట్టుకుంటోందండీ."

"మరింకేంటమ్మా? నా పని మెడ కింద మొదలై బొడ్డు పైన ఆగిపోతుంది. ఆ కింద సంగతి నన్నడగొద్దు."

కిడ్నీ డాక్టరు తాబేలు. దారి లేదు కాబట్టి చుట్టూ తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. వచ్చి రక్తపరీక్ష రిపోర్టు చూసింది.

"మెగ్నీషియం రెండు దాకా ఉండాలి, ఒకటే ఉంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లకి ఇది తగ్గినా, మరీ పెరిగినా కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, మళ్లీ మళ్లీ పరీక్ష చేస్తూ కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉందాం."

"కొన్నాళ్లా? రాజుగారొచ్చేది రేపు," అంది నక్క. "రిపోర్టులో ఎర్ర గీత కనపడితే ఆయన ఫొటోకి నిలబడరు."

తాబేలు తల లోపలికి లాక్కుంది. ఆ ఆసుపత్రిలో దాన్ని అంగీకారం కింద రాసుకోవడం ఆనవాయితీ.

నక్క వెంటనే మీటింగు పెట్టింది. "మెగ్నీషియం పెంచాలంటే టైము పడుతుంది. నార్మల్‌ని దింపడం తేలిక. ఈ అడవిలో ఇకనుంచి ఒకటే నార్మల్. దానికి మించితే ప్రమాదం, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. అందరూ ఒప్పుకున్నట్టేగా?"

"శాస్త్రం ఒప్పుకుంటుందా?" అని గొణిగింది వడ్రంగిపిట్ట.

"కోరం ఉందిగా," అంది నక్క.

పొద్దున్నే భద్రయ్యని లేపి నిలబెట్టారు.

"నీరసంగా ఉందండీ," అన్నాడు పాపం.

"నార్మల్‌గా ఉన్నవాడికి నీరసమేమిటయ్యా? నవ్వు," అంది నక్క.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. సింహానికి ఎంత ముచ్చటేసిందంటే, ప్రజలందరికీ ఆ పరీక్ష చేయించమని అక్కడికక్కడే ఉత్తర్వు వేసింది. చేయించారు. అడవిలో ఎవరిని పొడిచినా రెండే. కొత్త తీర్మానం ప్రకారం అందరూ ప్రమాదంలో ఉన్నట్టే. పట్టుకొచ్చి మంచాలెక్కించి మూత్రం వచ్చే మాత్రలు మింగించారు. వాగు పొంగింది. వడ్రంగిపిట్టకీ మంచం పడింది, తాబేలుకీ పడింది. చివరికి నక్కని కూడా మోసుకొచ్చారు.

"నేను సూపరింటెండెంటుని," అని గింజుకుంది నక్క.

పక్క మంచం మీద తాబేలు ఎన్నాళ్లకో తల బయటపెట్టింది. "తీర్మానం తమరిదే కదండీ. మాత్ర మింగండి."

మరి ఆసుపత్రిని నడిపేదెవరు? అడవి మొత్తం వెతికితే నార్మల్‌గా ఉన్నవాడు ఒక్కడే తేలాడు. సింహం భద్రయ్యని సూపరింటెండెంటుని చేసింది.

మంగతాయి ఆనందానికి అంతులేదు. "మొదటి సంతకం ఆ పాత నార్మల్ మళ్లీ తెచ్చే కాగితం మీద పెట్టండి. అప్పుడు మీకు ఆ మెగ్నీషియం ఎక్కిస్తారు. మీరు పోయాలండీ, నాకింకేం వద్దు."

భద్రయ్య తొండంతో కలం తీసుకుని కాసేపు ఆలోచించాడు. "పాతది తెస్తే నేను నార్మల్ కాకుండా పోతానే. అప్పుడీ కుర్చీ?"

"పోతే పోయింది. కిడ్నీలు దక్కుతాయి."

"తొందరపడకు. కమిటీ వేస్తాను."

కాళ్లు వాచాయి. మొహం వాచింది. మంచాల మీంచి లేచి చూడ్డానికి వచ్చినవాళ్లందరూ, "పదవొచ్చాక దొరగారు కాస్త ఒళ్లు చేశారు, నిండుగా ఉన్నారు," అని దండలు వేసి వెళ్లారు. ఆసుపత్రివాళ్లు అడవి మొత్తం మీద పోసిన మూత్రాన్ని తలసరి లెక్కగట్టారు. ఆ లెక్కలో భద్రయ్య కూడా దివ్యంగా పోస్తున్నట్టు తేలింది. సింహం అభినందనలు పంపింది.

మంగతాయి మాత్రం రోజూ ఒక బకెట్టు తెచ్చుకుని ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చునేది. రోజూ ఖాళీ బకెట్టే పట్టుకుని తన మంచం దగ్గరికి పోయేది. ఆమె ఏడుపు లోపలికి వినపడుతూనే ఉండేది. లోపల కమిటీ కూర్చుని ఉండేది.

భద్రయ్య కుర్చీలోనే పోయాడు. ఆఖరి రిపోర్టులో మెగ్నీషియం నార్మల్ అనే రాశారు. గుండె భవనానికీ కిడ్నీ భవనానికీ మధ్య దారికి ఆయన పేరు పెట్టారు. దారి ఇంకా వేయలేదు.

నీతి: ఒంట్లో ఏం తక్కువైనా కంగారుపడకండి, వెళ్లి కుర్చీలో కూర్చోండి, అక్కడ ప్రాణం పోయేదాకా అంతా నార్మలే.