పిందె సెలవు

మునిసిపల్ పార్కులోని డేలిల్లీ పూలు ఆ ఏడు కూడా వేసవి సెలవులు అడిగాయి, కమిషనరుగారు ఆ ఏడు కూడా ఇవ్వలేదు. ఎండలు పోయేదాకా పూయాల్సిందేనన్నారు. వాటికి నచ్చజెప్పే పని సత్యవేణిది. ఆమె ఉద్యోగం పేరు పూల ప్రోత్సాహకురాలు. కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

డేలిల్లీ పువ్వు పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి వాడిపోతుంది. మర్నాడు పక్క మొగ్గ డ్యూటీ ఎక్కుతుంది. సత్యవేణి తెల్లవారగానే వచ్చి, మొదళ్లు తడిసేలా నీళ్లు పోసి, చుట్టూ ఎండుగడ్డి కప్పి, మొగ్గల మీదికి వంగి, "లేవండమ్మా, జనం వాకింగుకొచ్చే వేళైంది" అనేది. అవి ఒళ్లు విరుచుకుంటూ విచ్చుకునేవి. రోహిణీకార్తెలోనూ ఒక్కటీ ఎదురు చెప్పలేదు. ఆమె గొంతు అంత మెత్తన.

వాడినవాటిని మాత్రం సాయంత్రం తుంచేయాలి. లేకపోతే పిందె కడతాయి. పిందె కట్టిన కాడకు ధ్యాసంతా దానిమీదే, మొగ్గల్ని పట్టించుకోదు. అందుకే పిందె సెలవు ఎవరికీ మంజూరు కాదు.

ఒకనాటి సాయంత్రం గట్టు చివర వాడుతున్న పసుపు పువ్వొకటి కత్తెరను చూసి ముడుచుకుపోయింది.

"అక్కా, నాకు పిందె కట్టింది. పొద్దున్నే తెలిసింది. నన్ను వదిలేయవూ?"

సత్యవేణి కత్తెర దించింది. ఆమెకూ నాలుగో నెల. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, చీర వదులుగా కట్టుకొస్తోంది. ఆ మాట పువ్వుకు చెప్పింది.

"ఎవరితోనూ అనకు."

"నాకెవరున్నారక్కా చెప్పడానికి?"

పిందె మీదికి ఓ ఆకు వంచి, ఇంటికెళ్లిపోయింది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తింది.

వారం తిరిగేసరికి పిందె రేగ్గాయంత అయింది. ఆ కాడ పూయడం మానేసింది. మేనేజరు చిట్టిబాబుగారు చూడ్డానికొచ్చి, ఆకు పక్కకు తప్పించి పిందెను చూశారు. తర్వాత సత్యవేణిని చూశారు. ఆయన కోప్పడే మనిషి కాదు.

"ఎన్నో నెలమ్మా?"

"నాలుగండీ."

"శుభం. మిమ్మల్ని తీసేస్తున్నామనుకోకండి. కాంట్రాక్టు పొడిగించడం లేదు, అంతే. ఒళ్లు జాగ్రత్త."

"మంచిదండీ," అంది సత్యవేణి. ఈ ఒక్క పిందెనైనా వదిలేయండని అడుగుదామనుకుంది. అడగకుండా ఆకును మళ్లీ పిందె మీదికి వంచింది.

మర్నాడు ఆమె స్థానంలోకి హారిక అనే అమ్మాయి వచ్చింది. పని అప్పగించడానికి సత్యవేణి ఆమెతోపాటు వరసలన్నీ తిరిగింది. గట్టు చివరికొచ్చాక హారిక కత్తెర పట్టుకుని తటపటాయించింది.

"అక్కా, ఇది ఏడుస్తోంది."

"ఏడుస్తాయమ్మా."

సత్యవేణి ఆ అమ్మాయి చేయి పట్టుకుని కత్తెరను కాస్త కిందికి జరిపింది.

"అక్కడ కాదు, కాడ మొదలు దగ్గర. కాస్త మిగిలినా పెరుగుతుంది."

హారిక కోసింది. పక్క కాడల మీది మొగ్గలు ఎవరూ లేపకుండానే గబగబా విచ్చుకున్నాయి.