తిరిగి రావలసిన వస్తువు

భూమ్యాకర్షణను దాటడానికి మానవజాతికి వేల ఏళ్లు పట్టింది. గేటు పాసును దాటడం ఇంకా ఎవరి వల్లా కాలేదు.

షోళింగనల్లూరు అవతల ఒక పరిశోధన సంస్థ ఉంది. అందులో సునయన అనే అమ్మాయి నాలుగేళ్లుగా ఒక్క సంగతే పట్టుకుని కూర్చుంది. అల్యూమినియం, రాగి కలిపి కరిగిస్తే, చల్లారేటప్పుడు బరువైన భాగం అడుక్కి దిగుతుంది, చారులో పప్పు దిగినట్టు. ఆకాశంలో బరువే తెలియదు కాబట్టి ఏదీ దిగదు. మరి అక్కడ లోహం ఎలా గడ్డకడుతుంది? అది చూద్దామని బొటనవేలంత కడ్డీని రాకెట్టులో పంపింది. కడ్డీ అక్కడ కరిగి, గడ్డకట్టి, క్షేమంగా నేలకు దిగివచ్చింది.

వచ్చి, సంస్థ గేటు దగ్గర ఆగిపోయింది.

"వెళ్లేటప్పుడు 'తిరిగి రావలసిన వస్తువు' అని రాశారమ్మా," అన్నాడు స్టోర్సు అధికారి వెంకటసుబ్బారావు. "నిబంధన పద్నాలుగు ప్రకారం, వెళ్లిన స్థితిలోనే తిరిగి రావాలి. ఇది మధ్యలో కరిగిందని మీరే రాసిచ్చారు."

"కరిగించడానికే పంపాం సార్!"

"అది మీ సొంత విషయం."

(ఆయనకు పక్షపాతం లేదు. చెడి వెళ్లిన ఫ్యాను బాగుపడి వస్తే దాన్నీ లోపలికి రానివ్వలేదు.)

సునయన పైకి అర్జీ పెట్టుకుంది. స్థితిభేద పరిశీలన ఉపసంఘం ఎంతో సానుభూతితో ఆలోచించి, పరిశోధకురాలికి శ్రమ లేకుండా సంస్థే కడ్డీని పూర్వస్థితికి తెప్పించాలని తీర్మానించింది. మొదట దాన్ని పోత పోసిన తిరువొత్తియూరు ఫౌండ్రీకే గుమాస్తాను తోడిచ్చి పంపింది.

సంగతి తెలిసి సునయన బస్సూ రైలూ మారి పరుగెత్తింది. పోత మేస్త్రీ నాగప్పన్ కడ్డీని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏంమా, ఇది ఈడ పోసిందేనా? ఆడ ఎవురో గానీ శానా బాగా పోసినారు. ఒక్క బుడగ లేదే!"

"కరిగించొద్దు, అన్నా. నా నాలుగేళ్లూ అందులోనే ఉన్నాయి."

"నాకు మాత్రం మనసొస్తాదా? ఆపమని కాయితం ఏమన్నా తెచ్చినావా?"

తేలేదు. కడ్డీ సంస్థలోకి వచ్చినట్టు ముద్ర పడితే తప్ప దాని గురించి ఏ కాగితమూ పుట్టదు.

నాగప్పన్ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు.

"ఏమనుకోబాకమా," అని నాగప్పన్ కడ్డీని కొలిమి మీద కాగుతున్న మూసలో వేశాడు.

మర్నాడు గేటు దగ్గర ముద్ర పడింది. ఉపసంఘం తానే పరీక్షలు చేయించి, తుది నివేదిక కింద సునయన సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి పంపింది. అందులో ఇలా ఉంది: "అంతరిక్షానికి వెళ్లివచ్చిన లోహానికీ తిరువొత్తియూరు లోహానికీ ఏ తేడా లేదని తేలినందున, ఇకమీదట పైకి పంపనవసరం లేదు."